నీళ్ళ సీసా మీద గీతలు

తెల్లవారి అయిదున్నరకి కోడలు చెప్పులు వేసుకునేసరికే ఆ ఇంట్లో సగం పని అయిపోయి ఉంటుంది. అత్తగారిని లేపి, నడక స్టాండు చేతికిచ్చి, నడుం పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్ళి తీసుకురావాలి. మొహం కడిగి, తల దువ్వి, కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనించి కూర్చోబెట్టాలి. ఆఖరి పని నీళ్ళ సీసా. లీటరున్నర పట్టే ఆ సీసా మీద నల్ల పెన్నుతో నాలుగు గీతలు గీసి ఉంటాయి. పై గీత పక్కన ఎనిమిది, దాని కింద పది, ఆ తర్వాత పన్నెండు, అడుగున రెండు. ఎన్నింటికి నీళ్ళు ఎక్కడిదాకా దిగాలో ఆ గీతలు చెబుతాయి. కోడలు పాల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే మనిషి. గీతలు లేని సీసా ఆమె కంటికి ఆనదు.

"అత్తయ్యా, నేనొచ్చేసరికి ఇది ఖాళీ అవ్వాలి. డాక్టరుగారు మరీ మరీ చెప్పారు."

"అవుతుందిలేవే. నువ్వు నడువు, బండి వెళ్ళిపోతుంది."

"ఏమండీ, ఎనిమిదింటికి మాత్ర. టిఫిన్ తిన్నాక. తినకముందు కాదు."

"తెలుసు," అన్నాడు కొడుకు వంటింట్లోంచి.

"నిన్న కూడా తెలుసనే అన్నారు."

"నిన్న తెలుసనుకున్నాను. ఇవాళ తెలుసు."

కోడలు నవ్వుకుంటూ గడప దాటింది. ఆమె అడుగుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది. పెద్దావిడ సీసాకేసి ఒకసారి, కిటికీలో ఉన్న వెడల్పాకుల మొక్కకేసి ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది.

ఆ పెద్దావిడని వీధి వీధంతా ఆయమ్మ అనే పిలుస్తుంది. పెద్దాసుపత్రిలో, మగవాళ్ళ వార్డులో, ముప్పై ఒక్క ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. లేవలేని వాళ్ళని లేపింది, కడిగింది, తుడిచింది, బట్టలు మార్చింది. ఎంత లావు మనిషినైనా ఒంటిచేత్తో పక్కకి దొర్లించి, కింద దుప్పటి లాగి కొత్తది పరిచేసేది. కొత్తగా చేరిన వాళ్ళని డాక్టర్లే ఆమె దగ్గరికి పంపేవాళ్ళు, "ముందు ఆయమ్మ దగ్గర నెల రోజులు చెయ్యి, తర్వాత నా దగ్గరికి రా" అని. అంతటి మనిషి ఏడు నెలల క్రితం సొంత ఇంట్లో తడి గచ్చు మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. స్టాండు పట్టుకుంటే నాలుగడుగులు పడుతున్నాయి గానీ, పక్కన మనిషి లేకుండా లేచి పడితే మాత్రం ఈసారి అతకడానికి ఎముక మిగలదని డాక్టరు గట్టిగానే బెదిరించాడు.

ఆమె పడ్డ వారానికే కోడలు ఉద్యోగం మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు. వాన పడితే గొడుగు తీసినంత మామూలుగా జరిగిపోయింది. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. అతని ఉద్యోగం సంగతి మాటవరసకైనా ఆ ఇంట్లో రాలేదు.

ఆరు నెలలు పోయాక ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. ల్యాబు ఇన్‌చార్జి రిటైరయింది, పొద్దుటి షిఫ్టుకి ఆ పనిలోకి నువ్వు రావాలి, ఒకటో తారీఖుకల్లా చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటాం అని. కోడలు ఫోను పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా కదలకుండా నిలబడింది. పాలు పొంగకముందే పసిగట్టే మనిషి ఆమె. అది చూసిన కొడుకు ఆ సాయంత్రమే చెప్పాడు: "నువ్వెళ్ళు. నేను రెండో షిఫ్టుకి మార్చుకుంటాను. పొద్దున అమ్మని నేను చూసుకుంటాను, మధ్యాహ్నం నుంచి నువ్వు."

డిపోలో వాళ్ళు ఊరుకుంటారా? "ఏం బావా, పొద్దున పూట ఇంట్లో డ్యూటీనట? యూనిఫాం ఇచ్చారా?" అన్నారు.

"ఇచ్చారు. నడుముకి కట్టుకునేది, ముందు జేబు కూడా ఉంది. నీకూ ఒకటి కుట్టించమంటావా?" అన్నాడు ఇతను, స్పానరు తిప్పుతూనే.

నిజం చెప్పాలంటే చేతనైనంత బాగానే చేశాడు. మొదటివారం ల్యాబుకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, ఉప్పు డబ్బా ఎక్కడ, పెద్ద గరిటె ఎక్కడ అని. "ఏమండీ, నా ముందు ఎనిమిది వేల లీటర్ల పాలతో లారీ నిలబడి ఉంది. అది పుల్లబడేలోపు మీ గరిటె మీరే వెతుక్కోండి" అని ఆమె ఫోను పెట్టేసింది. వెతుక్కున్నాడు. రెండోవారానికి వంటింటి అరలన్నీ పానాలు, బోల్టులు సర్దినట్టు సైజుల ప్రకారం సర్దేశాడు. మంచం మీద దుప్పటి ఎంత బిర్రుగా లాగి పరిచేవాడంటే దాని మీద వేలు కొడితే డప్పులా మోగేది. తల్లి గోళ్ళు తీశాడు. కాళ్ళకి నూనె రాశాడు. పొద్దున పేపరు చదివి వినిపించాడు, చావుకబుర్లు వదిలేసి.

ఒక్క పని దగ్గరే చిక్కు.

తొమ్మిదింటికోసారి, పదకొండింటికోసారి అతను గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. తల్లికేసి చూసేవాడు కాదు. గోడ మీద క్యాలెండరుకేసి చూస్తూ, "అమ్మా... వెళ్ళాలా?" అనేవాడు.

"అక్కర్లేదురా."

"సరే."

గుమ్మానికి అటు అతను, ఇటు ఆమె, ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలేవాళ్ళు. ఆ ఊపిరి చప్పుడు ఇద్దరికీ వినపడేది. విననట్టు ఊరుకునేవాళ్ళు.

నీళ్ళు తాగితే వెళ్ళాలి. తాగకపోతే అక్కర్లేదు. ఇంతే లెక్క. అందుకని ఆయమ్మ గొంతు తడుపుకునేంత తాగి, వంటింట్లో కుక్కరు కూతపెట్టే సమయం చూసుకుని, మిగతా నీళ్ళు ఎనిమిది గీత దాకా, పది గీత దాకా, పన్నెండు గీత దాకా కొలత తప్పకుండా కిటికీలో మొక్క కుండీలో వంచేసేది. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది అది. మధ్యాహ్నం రెండున్నరకి కోడలు వచ్చి సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి, "భలే అత్తయ్యా! గీత తప్పలేదు మీరు. మా ల్యాబులో పిల్లలకంటే నయం" అని మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకునేది పెద్దావిడకి. "ముందు నన్ను బాత్రూముకి తీసుకెళ్ళవే తల్లీ" అనేది.

నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో ఆమెకి తెలియక కాదు. తాగని రోగుల్ని ఎంతమందిని కోప్పడిందో. తెలిసీ చేసింది. తెలిసి చేసిన పని ఊరుకుంటుందా? మూడోవారం శనివారం నాడు పట్టుకుంది.

ఆ పొద్దున పదింటికి కూతురు వచ్చింది, తల్లిని చూసి పోదామని, సంచి నిండా పళ్ళతో. గదిలోకి అడుగుపెట్టేసరికి తల్లి దుప్పట్లో వణికిపోతోంది. ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు ఎండి చీలిపోయి ఉన్నాయి. కూతుర్ని చూసి, "సిస్టర్, పదమూడో బెడ్డాయనకి దుప్పటి మార్చలేదింకా, నన్ను లేవనివ్వండి" అంది.

కూతురు పళ్ళసంచి అక్కడే వదిలేసి కేక పెట్టింది. కొడుకు చేతిలో కూరగాయల కత్తితోనే పరిగెత్తుకొచ్చాడు.

వీధి చివరి నర్సింగ్ హోములో సెలైను పెట్టారు. కోడలికి కబురు వెళ్తే తెల్లకోటు విప్పకుండానే వచ్చేసింది. డాక్టరు చీటీ రాస్తూ అడిగాడు: "ఈవిడ అసలు నీళ్ళు తాగుతున్నారా? ఒంట్లో నీరు లేదు. మూత్రంలో ఇన్ఫెక్షను. ఇంకో రెండు రోజులు పోతే కిడ్నీల మీదికి వచ్చేది."

కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సెలైను ఎక్కాక పెద్దావిడకి తెలివి వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నిద్రపోయిందనుకుని తలుపు దగ్గరగా వేసి ముందుగదిలోకి వెళ్ళారు. తలుపు సరిగ్గా పడలేదు. ఆమె నిద్రపోనూ లేదు.

"చెప్పానా లేదా?" కూతురి గొంతు ముందు లేచింది. "మగవాడి చేతిలో ముసలమ్మని పెట్టి టిప్ టాపుగా డ్యూటీకి వెళ్ళిపోయింది మహాతల్లి. ఏమైందిప్పుడు?"

"వదినా, సీసా రోజూ ఖాళీ అయ్యేది. నేను రోజూ చూశాను."

"సీసా చూశావు. మనిషిని చూశావా?"

కోడలు నెమ్మదిగా అంది: "సోమవారం వెళ్ళి మానేస్తున్నానని రాసిచ్చి వస్తాను."

"మానెయ్యడమేంటి?" కొడుకు గొంతు. "ఇంట్లో ఉన్నది నేను. చూడంది నేను. నా తప్పుకి నువ్వెందుకు మానేస్తావు?"

"ఎవరో ఒకరు మానాలిగా మరి! నువ్వు మానేస్తావా?" అంది అక్క.

"అవసరమైతే మానేస్తాను."

"పిచ్చి వాగుడు వాగకు."

"అదేంటక్కా, తను మానేస్తానంటే నీకు న్యాయంగా వినిపించింది. నేనంటే పిచ్చివాగుడులా వినిపించిందా?"

"నాకు న్యాయం చెప్పకురా నువ్వు!" కూతురి గొంతు ఒక్కసారిగా చిట్లింది. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు నీకు నాలుగు. అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీలు. నాన్న ఇంట్లోనే ఉండేవాడు, కుర్చీలో కూర్చుని. నీకు తిండి పెట్టింది నేను. నీ చడ్డీలు ఉతికింది నేను. నిన్ను పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి బడికి పరిగెత్తితే, ఆలస్యమైందని రోజూ గోడకుర్చీ వేయించేవాళ్ళు. ఎవరైనా నా కోసం షిఫ్టులు మార్చుకున్నారా? ఆడపిల్లేగా, చేస్తుందిలే అన్నారు. చేశాను. నోరు మూసుకుని చేశాను. ఇప్పుడు ఈవిడగారి ఉద్యోగం కోసం ఇల్లంతా తలకిందులవుతుంటే నాకు మండదా?"



లోపల మంచం మీద పెద్దావిడ కళ్ళు తెరిచి పడుకుంది. ఆడపిల్లేగా, చేస్తుందిలే. ఆ మాట అన్నది ఎవరో ఆమెకి బాగా గుర్తుంది. అన్నది తనే. పక్కింటావిడ ఒకసారి, "పసిదాన్ని అంత కష్టపెడతావేం, మీ ఆయన ఉన్నాడుగా" అంటే, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ పెడుతూ అన్న మాట. ముప్పై అయిదేళ్ళు దాటింది. కూతురు ఆ మాటని మర్చిపోలేదు.

తలుపు తెరుచుకుంది. కోడలు మాత్ర పట్టుకుని లోపలికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచం దాటి కిటికీ దాకా వెళ్ళి, గాలి రావాలని రెక్క తోయబోయి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. పాల డబ్బా మూత తియ్యకుండానే లోపలి పాలు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే ముక్కు అది. వెడల్పాకులు సగం పసుపుబారి కిందికి వాలి ఉన్నాయి. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు అంచుదాకా నిలిచాయి. మట్టి కుళ్ళు వాసన. ఆమె రెండు చేతులా కుండీని కొంచెం ఎత్తి చూసి దించింది. తర్వాత బల్ల మీది ఖాళీ సీసా తీసుకుని, గీతలు చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా. ఈ మొక్కకి రోజుకి లీటరున్నర నీళ్ళు ఎవరు పోస్తున్నారు?"

పెద్దావిడ గోడవైపుకి తిరిగిపోయింది.

తిరిగాక గానీ తెలియలేదు, ఆ తిరగడం తనకి ఎక్కడో తెలిసిన తిరగడమని. వార్డులో మొదటిరోజు మగవాళ్ళందరూ అలాగే తిరిగేవాళ్ళు. ఒక హెడ్‌మాస్టరుగారు, నడుం విరిగిన మనిషి, మూడు రోజులు గోడకేసి చూస్తూ పడుకున్నాడు. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఎందుకు ముట్టడం లేదో డాక్టర్లకి అంతుపట్టలేదు. ఆయాకి పట్టింది.

"నేను ఆ గీతలు మీకోసం గీశాను," అంది కోడలు వెనకనుంచి. "లెక్క సరిపోయిందని రోజూ మురిసిపోయాను. ఎందుకత్తయ్యా?"

"వాడు మగపిల్లాడే," అంది పెద్దావిడ గోడతోనే. "కన్నకొడుకు. వాడి చేత ఆ పని ఎట్లా చేయించుకోమంటావు?"

"నా చేత ఎట్లా చేయించుకున్నారు?"

"నువ్వు ఆడదానివి."

"మీరూ ఆడవాళ్ళే. ముప్పై ఒక్క ఏళ్ళు మగవాళ్ళ వార్డులో చేశారు. వాళ్ళకి సిగ్గు లేదా?"

"అది డ్యూటీ. జీతమిచ్చారు, చేశాను."

"నాకెవరిచ్చారత్తయ్యా జీతం?"

కోడలు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది పెద్దావిడకి.

"నేను ఉద్యోగం మానెయ్యడానికి మీరు ఒప్పుకున్నారు," అంది కోడలు మళ్ళీ, "మీ ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి కూడా ఒప్పుకున్నారు. మీ అబ్బాయి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు. అంతేగా?"

"అమ్మనొక్కదాన్నే అనకు," అన్నాడు కొడుకు.

గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో. ఈసారి క్యాలెండరుకేసి చూడలేదు. తిన్నగా వచ్చి, గోడకీ మంచానికీ మధ్య ఉన్న జానెడు సందులో ఇరుక్కుని, తల్లి మొహానికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నువ్వు దాచావమ్మా. సరే. నేనేం చేశాను? వెళ్ళాలా అని అడిగేవాణ్ణి. నువ్వు అక్కర్లేదనేదానివి. ఆ మాట వినగానే నా ప్రాణం ఎంత తేలికపడేదో నాకే తెలుసు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఏ మనిషికైనా అవసరం పడకుండా ఉంటుందా? ఆ మాత్రం తెలీదా నాకు? డిపోలో డ్రైవరు వచ్చి బ్రేకు బాగుందంటే నమ్మి బస్సు వదుల్తానా? నేనెక్కి తొక్కి చూస్తాను. ఇక్కడ మాత్రం నోటిమాట మీద వదిలేశాను. ఎందుకంటే అది నాకు సుఖంగా ఉంది." అతని కళ్ళు నిండాయి. "పేపరు చదివి వినిపించాను, గోళ్ళు తీశాను, అందరితో మంచి కొడుకుననిపించుకున్నాను. అసలు పని మాత్రం నీ కోడలికి వదిలేశాను, తను వచ్చేదాకా నిన్ను ఎండబెట్టి."

పెద్దావిడ దుప్పట్లోంచి చెయ్యి తీసి అతని తల మీద పెట్టింది.

"నాకు చేతకాదమ్మా. నీకు దెబ్బ తగులుతుందని భయం. నువ్వు సిగ్గుపడితే చూడలేనని భయం. నేర్పు నాకు. కొత్తగా చేరినవాళ్ళకి ఎంతమందికి నేర్పలేదు నువ్వు? నన్నూ అందులో ఒకణ్ణి అనుకో."

గుమ్మం దగ్గర కూతురు కూడా వచ్చి నిలబడింది. అంతా విన్నట్టే ఉంది, మొహంలో కోపం చచ్చిపోయింది. పెద్దావిడ తల ఎత్తి ఆమెను పిలిచింది, చేత్తో.

"ఆ మాట అన్నది నేనేనే," అంది. "ఆడపిల్లేగా, చేస్తుందిలే అని. నిన్ను అడక్కుండా నీ నెత్తిన పెట్టాను. వాడికేమో ఏమీ పెట్టకుండా పెంచాను. నువ్వు గోడకుర్చీ వేశావని ఇవాళే తెలిసింది నాకు. ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి నిలబడే నిద్రపోయేదానివిగా," అంది కూతురు. మంచం అంచున కూర్చుని, తల్లి పాదం మీద చెయ్యి వేసి, చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. ముప్పై అయిదేళ్ళ ఏడుపు అది, పోనీ అనుకున్నారు. కాసేపటికి తనే మొహం తుడుచుకుని మరదలికేసి చూసింది. "ఏమీ అనుకోకు. నా మంట నీ మీద కక్కాను."

"మండటానికి మీకు కారణముంది వదినా," అంది కోడలు. "ముందు ఆవిడ చేత నీళ్ళు తాగిద్దాం, తర్వాత ఇద్దరం తీరిగ్గా పోట్లాడుకుందాం."

ఆదివారం పొద్దున పాఠం మొదలైంది. పెద్దావిడ గొంతు ఇంకా నీరసంగానే ఉంది గానీ, అందులోకి ఎక్కడినుంచో వార్డు గొంతు వచ్చింది.

"కోడలా, నువ్వు బయటికి పో."

"నేనెందుకత్తయ్యా?"

"నువ్వు పక్కనుంటే వాడు ప్రతిదానికీ నీకేసి చూస్తాడు. వీణ్ణి ఒంటరిగా వదిలితేనే నేర్చుకుంటాడు."

కోడలు, ఆడబిడ్డ వంటింట్లోకి వెళ్ళి తలుపు సందులోంచి చెవులు పెట్టారు.

"ఏవీ చేతులు? ఇవా చేతులు! గ్రీజు గోళ్ళలోంచి పోయినట్టు లేదు. వేడినీళ్ళతో కడుక్కురా. చల్లటి చెయ్యి పడితే మనిషి ముడుచుకుపోతాడు. ఆఁ... ఇప్పుడు దుప్పటి నా మోకాళ్ళ మీద కప్పు. తియ్యకు, కప్పి ఉంచు, దాని కిందనే నీ పని నువ్వు చేసుకో. ముట్టుకునే ముందు చెప్పు. లేపుతున్నానమ్మా అని చెప్పి లేపు, సంచి ఎత్తినట్టు ఎత్తకు. నీ నడుం వంచకు, మోకాళ్ళు వంచు. ఎక్కడికి చూస్తున్నావు?"

"ఎక్కడికీ లేదు."

"అదే తప్పు. ఎక్కడికీ చూడకపోతే మనిషి ఎవరూ చూడలేనంత రోతగా ఉన్నాననుకుంటాడు. నా మొహం చూడు. మొహం చూసి ఏదో ఒకటి మాట్లాడు. చేతుల పని చేతులు చేసుకుపోతాయి."

"ఏం మాట్లాడను?"

"నీ బస్సుల సంగతే మాట్లాడు. ఇంకేం వచ్చు నీకు?"

స్టాండు గచ్చు మీద టక్కు టక్కుమంది. అడుగు, ఆగడం, అడుగు. తలుపు సందులోంచి అతని గొంతు వినిపించింది, ముందు తడబడుతూ, తర్వాత కాస్త పుంజుకుని.

"ఏడో నెంబరు బస్సు ఉందమ్మా, ముసలిది. మొన్న దారి మధ్యలో డ్రైవరు గేరు మార్చబోతే గేరు కడ్డీ ఊడి చేతికొచ్చింది. బస్సు కదలదు. ఫోను చేద్దామంటే అందులో చార్జింగు లేదు. ఆయన ఆ కడ్డీ చేతికర్రలా పట్టుకుని రెండు మైళ్ళు నడిచి డిపోకి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ బస్సేదయ్యా అన్నాడు. ఈయన కడ్డీ ఎత్తి చూపించి, ఇదిగో తెచ్చాను, మిగతాది వెనకాల వస్తోంది అన్నాడు."

లోపలినుంచి ముసలి నవ్వు వినిపించింది, మొదట ముక్కులోంచి, ఆ తర్వాత నిండుగా. ఏడు నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు. నవ్వు ఆగేసరికి పని కూడా అయిపోయింది. ఏది ఎప్పుడు అయిందో ఇద్దరికీ తెలియలేదు.

వంటింట్లో ఆడబిడ్డ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "మా ఆయన్ని కూడా ఒక నెల మీ అత్తగారి దగ్గర పెట్టాలే" అంది.

"ముందు గోళ్ళు కడుక్కుని రమ్మనండి," అంది కోడలు.

సోమవారం పొద్దున మళ్ళీ అయిదున్నర. మొక్కని ఎండలోకి మార్చారు, బతుకుతుందో లేదో ఇంకా తెలియదు. సీసా బల్ల మీద నిండుగా ఉంది. కోడలు చెప్పులు వేసుకుంది, సంచి భుజాన తగిలించింది, కానీ గడప దాటలేదు. ఒకసారి సీసాకేసి, ఒకసారి అత్తగారికేసి చూస్తూ నిలబడింది.

"ఇట్లా రా," అంది పెద్దావిడ. "కూర్చో. బండి ఒక నిమిషం ఆగుతుందిలే."

కోడలు మంచం అంచున కూర్చుంది.

"వార్డులో బాగై ఇంటికి వెళ్ళేవాళ్ళు డాక్టర్లకి దండాలు పెట్టేవాళ్ళు. సిస్టర్ల చేతులు పట్టుకునేవాళ్ళు. నేను తలుపు పక్కన బకెట్టు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. నన్ను దాటుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదులే, నేను చేసిన పని వాళ్ళు మర్చిపోదామనుకునే పని. నడుం విరిగి వచ్చిన ఒక హెడ్‌మాస్టరుగారు మాత్రం గుమ్మం దాకా వెళ్ళి, కర్ర మీద ఆనుకుని వెనక్కి వచ్చాడు. నన్ను బాగా చూసుకున్నావమ్మా అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ ఒక్క మాట తల్చుకుని ముప్పై ఒక్క ఏళ్ళు చేశానే నేను." ఆమె కోడలి చెయ్యి తీసుకుంది. "ఆ మాట ఎంత రుచో తెలిసిన దాన్ని. నీకు మాత్రం ఏడు నెలల్లో ఒక్కసారి అనలేదు. నువ్వు ఉద్యోగం మానేస్తుంటే వద్దనాల్సింది. వద్దనలేదు. ఆడదేగా, చేస్తుందిలే అనుకున్నాను, మళ్ళీ అదే. నన్ను బాగా చూసుకున్నావమ్మా. చాలా బాగా చూసుకున్నావు."

కోడలు తల వంచుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి పెద్దావిడ ఆ చేతిని వదల్లేదు. వీధి చివర ఫ్యాక్టరీ బండి హారను కొట్టింది. రెండోసారి కూడా కొట్టింది.

"పొద్దున్నే ఏడిపించి పంపిస్తారేంటత్తయ్యా," అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ. "పాలు పరీక్ష చేసే మనిషిని. కళ్ళు మసకేస్తే ఇవాళ లారీలన్నీ పాసైపోతాయి."

"పాసవనీ. ఇన్‌చార్జి అయిన మురిపెంలో వదిలేసిందంటారు. నడువు, నడువు!"

ఆమె పరిగెత్తింది. వీధి మలుపు దాకా అడుగుల చప్పుడు వినిపించింది.

ఎండ కిటికీలోంచి మంచం మీదికి పాకింది. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. పెద్దావిడ సీసా తీసి తాగింది. ఎనిమిది గీత దాటింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తాగింది. నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయని ఇన్నాళ్ళలో ఆమె మర్చిపోయింది. తొమ్మిదింపావుకే పది గీత కూడా దాటేసింది.

అతను ఇంకా గుమ్మంలోకి రాలేదు, అడగలేదు. అడిగే దాకా ఆగకూడదనుకుంది. గొంతు సవరించుకుంది.

"ఒరేయ్!"

"ఆఁ... వస్తున్నానమ్మా!" గిన్నె పడిన చప్పుడైంది. కుళాయి తిప్పిన చప్పుడైంది. కాసేపటికి అతను గుమ్మంలోకి వచ్చాడు, తడిచేతులు పైకెత్తి పట్టుకుని.

"వేడినీళ్ళేనా?"

"వేడినీళ్ళే. కావాలంటే ముట్టుకుని చూడు."

ఆమె ముట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఆ చేతుల్ని పట్టుకుని, దుప్పటి సర్దుకుని, కొడుకు మొహంలోకి తిన్నగా చూసింది.

"పద," అంది. "ఇవాళ ఏ బస్సు సంగతి చెబుతావు?"